పరిగెత్తరాని పరుగు బూట్లు

మనిషి నాగరికుడయ్యాడనడానికి నా దగ్గర తిరుగులేని సాక్ష్యం ఉంది. అది ప్రస్తుతం మా హాల్లో, టీవీ పక్కన, తెల్లటి టిష్యూ కాగితం మీద కొలువుతీరి ఉంది. పరుగు కోసం పుట్టి, పరుగు జోలికి పోని రెట్రో రన్నింగ్ షూ!

నవ్వకండి. పులి వెంటపడితే పరిగెత్తడం ఆదిమానవుడికీ తెలుసు. పరిగెత్తడానికి కావలసిన సకల సౌకర్యాలూ కాళ్ళకి తొడుక్కుని, నింపాదిగా నిలబడి కాఫీ తాగడం ఎవరికి తెలుసు? మనకే కదా!

అసలు కథ డాక్టరుతో మొదలైంది. రోజూ పొద్దున్నే నాలుగడుగులు వేయండి, బూట్లు మాత్రం మంచివి కొనుక్కోండి అన్నాడాయన. ఆ రెండో సలహా నాకు బాగా నచ్చింది.

ఎంపిక బాధ్యత కాలేజీలో చదివే మా అబ్బాయి తీసుకున్నాడు. ఇప్పటి రన్నింగ్ షూ వేసుకుంటే కాళ్ళకి పడవలు కట్టుకున్నట్టుంటుందట. అదే పాతకాలం మోడలైతే ఆఫీసుకీ, పెళ్ళికీ, పాలప్యాకెట్ తేవడానికీ అన్నిటికీ నప్పుతుందట. ఇక చూడండి, ఇంట్లో ఎంత ఐకమత్యం! నెల రోజులు సీరియళ్ళు లేవు, రిమోట్ కోసం కీచులాటలు లేవు. అందరం కలిసి షూల వీడియోలు చూశాం. ఒకాయన షూని వాసన చూసి కళ్ళు మూసుకున్నాడు. ఇంకొకాయన సోలు నొక్కి చూపిస్తూ గద్గదస్వరంతో మాట్లాడాడు. క్రీమ్ కలరా, ఐవరీనా అన్న దగ్గర ఇల్లు రెండుగా చీలిపోయింది. రెండూ ఒకలాగే ఉన్నాయి కదా అన్న మా అత్తగారిని చర్చలోంచి తప్పించాం.

చివరికి, పాతదిలా కనపడాలని కంపెనీవాళ్ళే సోలుకి పసుపెక్కించిన జత కొన్నాం. ఆ పసుపే అసలు గొప్పట! ఇన్నేళ్ళూ కష్టపడి నేను పసుపెక్కించిన బనియన్లని మా ఆవిడ మసిగుడ్డలు చేసేసింది. చెప్పుకుంటే సిగ్గుచేటు.

తొడుక్కోగానే అబ్బాయి షరతులు చదివాడు. తడి తగిలితే పైనున్న మెత్తటి స్వెడ్ తోలు పాడవుతుంది. దుమ్ము పడితే రంగు పోతుంది. అన్నిటికీ మించి, "నాన్నా, వీటితో మాత్రం పరిగెత్తకు. ముందువైపు ముడత పడిపోతుంది" అన్నాడు.

ఎంత హాయి! డాక్టరు చెప్పిన నాలుగడుగులూ ఆ రోజుతో ఆగిపోయాయి. పొద్దున్న బయట మంచు తడి, సాయంత్రం దుమ్ము. నేనేం చేయను?

మొన్న మాత్రం చిన్న పరీక్ష ఎదురైంది. మా ఆవిడ ఏళ్ళ తరబడి ఇంటిపట్టున ఉండి, మళ్ళీ లెక్కల టీచరుగా చేరాలని పట్టుబట్టి అప్లికేషన్లు పెట్టుకుంది. చాలా స్కూళ్ళు జవాబే ఇవ్వలేదు. ఎట్టకేలకు ఒక్క స్కూలు ఇంటర్వ్యూకి పిలిచింది. ఆవిడ బస్‌స్టాప్ చేరాక ఫోన్ చేసింది.

"ఏమండీ, కళ్ళద్దాలు టేబుల్ మీదే మర్చిపోయాను. అవి లేకపోతే నాకు బోర్డు మీద అంకె కనపడదు. బస్సొచ్చేస్తోంది, కాస్త పరిగెత్తుకు రండి."

బస్‌స్టాప్ మా వీధి చివరే. కాళ్ళకి చూస్తే రన్నింగ్ షూ. ఇంతకన్నా సిద్ధంగా ఉన్న భర్త ఎక్కడైనా దొరుకుతాడా? కళ్ళద్దాలు పట్టుకుని గేటు దాకా దూసుకెళ్ళాను. రాత్రి వాన కురిసినట్టుంది, వీధంతా బురద.

ఆగాను. ముందు ముడత గుర్తొచ్చింది, తర్వాత స్వెడ్. విప్పేసి వెళదామని మెట్టు మీద కూర్చున్నాను. ఆ లేసులు మా అబ్బాయి ఏదో వీడియో చూసి కట్టాడు. విప్పడం ఎలాగో ఆ వీడియోలో చెప్పలేదు కాబోలు, ఎంత లాగినా ముడి బిగుస్తోందే తప్ప వదలదు.

ఇంతలో మా అత్తగారు వెనకనుంచి వచ్చి నా చేతిలోని కళ్ళద్దాలు లాక్కున్నారు. మోకాళ్ళ నొప్పులతో మంచం దిగడానికే ఆపసోపాలు పడే మనిషి! బాత్రూం చెప్పులతో టపటపా బురదలో పరుగు లంకించుకున్నారు. కదులుతున్న బస్సుకి చేయి అడ్డం పెట్టి ఆపి, కిటికీలోంచి కళ్ళద్దాలు కూతురి చేతిలో పెట్టారు.

తిరిగొచ్చేసరికి ఆవిడ బట్టల నిండా బురద. నా బూట్లకేసి జాలిగా చూశారు.

"ఏం బాబూ, కొత్తవి కదా, కరిచాయా?" అన్నారు.

మా ఆవిడకి ఉద్యోగం వచ్చింది. నా బూట్లకి ముడత రాలేదు. రెండు విధాలా లాభమే అంటాను నేను.

ఒక్క సంగతి మాత్రం మీకు చెప్పి తీరాలి. బాత్రూం చెప్పులు పరుగు కోసం తయారుచేసినవి కావు. పాపం, మా అత్తగారికి ఆ విషయం ఎవరూ చెప్పలేదు.