పున్నయ్యగారి ఊదా నాలుక

ఆ రోజుకి బసవపున్నయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. సాయంత్రం దాకా నోరు తెరవకూడదు, అంతే. ఖమ్మంలో చెంచురామయ్యగారి మిర్చి కమీషన్ దుకాణానికి ఆయన పెద్ద గుమాస్తా. రైతు తెచ్చిన బస్తాలోంచి ఒక కాయ తీసి, తుంచి, నాలుక కొసకి తాకించి, ఇది ఘాటు సరుకో, ఒట్టి రంగో తేల్చడం ఆయన పని. ఆయన మాట మీదే ధర పలికేది. మార్కెట్ యార్డులో ఆ నాలుకకున్న మర్యాద ఆయనకు ఇంట్లో కూడా లేదు.

చిక్కేమిటంటే, ఆ నాలుక నెల రోజులుగా పనిచేయడం లేదు. దాని మీద పెరుగు తోడుకున్నట్టు తెల్లటి పొర కట్టింది. కారం తగిలితే మంటే తప్ప రుచి లేదు. ఖమ్మంలో డాక్టరుకు చూపిస్తే మధ్యాహ్నానికల్లా యార్డంతా తెలిసిపోతుంది. అందుకని ముందురోజు భద్రాచలం దర్శనానికని భార్య సుబ్బరత్నంతో చెప్పి, కొత్తగూడెంలోనే బస్సు దిగిపోయి, అక్కడి డాక్టరు ముందు నోరు తెరిచాడు.

"షుగరు జబ్బు చాలాకాలంగా ఉందా?" అన్నాడు డాక్టరు.

"ఉందండి."

"తీపి తింటారా?"

"అబ్బే."

డాక్టరు ఆయన చొక్కా జేబు వైపు చూశాడు. జేబులో మైసూర్‌పాక్ పొట్లం నెయ్యి కారి కాగితాన్ని అద్దంలా చేసింది.

"కుండలో కల్లు నురగ కడుతుంది చూశారూ, దాన్ని పొంగించే ఈస్ట్‌కి ఈ బూజు చుట్టం. అందరి నోళ్లలోనూ కాస్తో కూస్తో ఉంటుంది. ఏళ్ల తరబడి షుగరున్న వాళ్లలో దానికి మేత ఎక్కువ, అడ్డు తక్కువ. అందుకే మీ నాలుక మీద సేద్యం మొదలుపెట్టింది. షుగరు మాత్రలు మానొద్దు, నాలుకకి ఈ మందు పూయండి. తీపి మానకపోతే మాత్రం మీరు పూసేది పూస్తూనే ఉంటారు, అది పెరిగేది పెరుగుతూనే ఉంటుంది."

మందు ఊదా రంగుది. పూస్తే నోరంతా బుట్టెడు నేరేడు పళ్లు తిన్నట్టు అయింది. సెలవు పెడదామంటే సీజను మంచి ఊపు మీద ఉంది. ఒక్క రోజు ఆ కుర్చీ ఖాళీ అయితే యజమాని తన మేనల్లుణ్ణి కూర్చోబెట్టడానికి సిద్ధంగా ఉన్నాడు. పున్నయ్య మొండివాడు. రాముడికి మొక్కుకున్నానని, రేపు మౌనవ్రతమని రాత్రే భార్యతో చెప్పేశాడు.

"ఇన్నాళ్లకి దేవుడు నా మొర విన్నాడు," అంది సుబ్బరత్నం.

మిర్చి యార్డులో కాయల ఘాటు తట్టుకోలేక అందరూ ముక్కుకీ మూతికీ కండువా కట్టుకునే తిరుగుతారు. పున్నయ్యా కట్టుకున్నాడు. కాయ తుంచడం, కండువా కిందికి పోనిచ్చి రుచి చూసినట్టు నటించడం, తల ఊపడం. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగినట్టు పొద్దెక్కే దాకా పని సాఫీగా జరిగిపోయింది.

అప్పుడు పున్నయ్య, సరుకు కొనే ఖరీదుదారులు రూప్‌సింగ్ అనే రైతు రాశి దగ్గరికి వచ్చారు. అడవి అంచున ఉన్న తండా అతనిది. ఏడాదంతా కష్టపడి పండించిన పంట ఆ రాశే. పున్నయ్య కాయ తుంచి కండువా కిందికి పోనిచ్చాడు, ఒక గింజ జారి సరిగ్గా నాలుక మీద పడింది. మంట నషాళానికి అంటింది. కండువా లాగి పడేసి, ముందున్న ఎర్రటి రాశి మీదే ఉమ్మేశాడు. ఊదాగా పడింది.

"కాయకు రంగు కలిపిండు," అన్నాడొక హమాలీ.

"రంగు కాదు, ఏందో మందు కొట్టిండు. సారు నోరు సూడు, కమిలిపోయింది," అన్నాడు ఇంకొకడు.

పున్నయ్య కాదు కాదని రెండు చేతులూ ఊపాడు. ఈ సరుకు వద్దంటున్నాడని ఖరీదుదారులు వెనక్కి తగ్గారు. తన నోరు చూపించి తల అడ్డంగా తిప్పాడు. నోరు పోయిందంటున్నాడని అందరూ అయ్యో అన్నారు. ఎవరో "జల్దీ మజ్జిగ తాపండి" అంటూ చెంబు తెచ్చి నోట్లో పోశారు. తెల్లగా లోపలికి పోయిన మజ్జిగ ఊదాగా బయటికి వచ్చేసరికి, చెంబు పట్టుకున్నవాడే ముందు పారిపోయాడు.

చెంచురామయ్య గొంతు పెంచాడు. "ఈ బస్తాలు గేటు బయట పెట్టించండి. ఆ తండా బళ్లు ఒక్కటి కూడా లోపలికి రానివ్వొద్దు."

రూప్‌సింగ్ కదల్లేదు. "సారూ, మా తండల రంగు డబ్బ ఎవలు సూడలె. వాగుల తవ్విన చెలిమ నీళ్లు మోసి పెంచిన చెట్లయి. గుమాస్తా సారూ, నీ నోటితోని నువ్వు చెప్పు, నేను మోసం జేసిన్నా?"

పున్నయ్యకు సిగ్గేసింది. నోరు తెరిస్తే ఉద్యోగం పోతుంది. మూసుకుంటే ఈ మనిషి పంటా పరువూ పోతాయి. పైగా తండా మొత్తానికి మచ్చ.

"ఆగండి," అన్నాడు. వ్రతం అక్కడితో సరి. "రంగు కాయది కాదు, నాది." నాలుక బయట పెట్టి చుట్టూ తిరిగి అందరికీ చూపించాడు. "నాకు షుగరు జబ్బు. తీపి మానలేక నాలుక మీద బూజు పెంచుకున్నాను. ఇది దానికి పూసిన మందు. నెల రోజులుగా నాకు ఏ రుచీ తెలియడం లేదు."

చెంచురామయ్య నమ్మలేక తనే ఒక కాయ కొరికాడు. కళ్లలో నీళ్లు ధారగా కారాయి, ఎక్కిళ్లు పట్టుకున్నాయి. ఆ ఎక్కిళ్ల మధ్యనే పై ధర చెప్పి, రూప్‌సింగ్ బస్తాలు తూకానికి పంపాడు.

ఇక తన పని అయిపోయిందని పున్నయ్య చెప్పులు వెతుక్కుంటుంటే, వెనక నుంచి హరిలాల్ అనే రైతు అడ్డం వచ్చాడు.

"నెల సంది రుచి తెల్వదంటివి. మరి మొన్న నా సరుకు సప్పగున్నదని ఏ నాలికతోని చెప్పినవ్ సారూ?"

గుంపు గొల్లుమంది. నిన్నటి వాళ్లు, మొన్నటి వాళ్లు, ఎక్కువిచ్చి కొన్నవాళ్లు, తక్కువకి అమ్మినవాళ్లు, అందరూ ఆయన మీదికే వచ్చారు. రేపటి నుంచి తన మేనల్లుడు సరుకు చూస్తాడులే అన్నాడు చెంచురామయ్య.

"ఆ పిలగాడు మాకొద్దు," అన్నాడు రూప్‌సింగ్. "నౌకరి పోతదని తెల్సి గూడ ఈ సారు నోరు తెరిసిండు. ఈ నాలికనే మంచిగ చేపిద్దాం. తీపి తింటెనే గది పెరుగుతదంట గద, ఎట్ల తింటడో మేం సూస్తం."

అన్నంత పనీ చేశారు. మర్నాటి నుంచి స్టేషను రోడ్డు మిఠాయి కొట్టువాడు పున్నయ్యను చూస్తే తలుపు దగ్గరికేసేవాడు. టీ బండి మీద ఆయన గ్లాసులో చక్కెర పడేది కాదు. బస్సులో కండక్టరు టిక్కెట్టు కన్నా ముందు నాలుక చూపించమనేవాడు. పక్క ఊరు వైరా దాకా వెళ్లి తీపి కొనబోయాడు. అక్కడా రైతులున్నారు. ఇంట్లో సుబ్బరత్నానికి ఆయన్ని కాపలా కాసే పనే లేకుండా పోయింది.

మందూ మాత్రలూ పనిచేసి, సీజను ముగిసేలోగా నాలుక ఎర్రబడింది. పున్నయ్య అన్యాయం జరిగిన సరుకంతా కొన్నవాళ్ల గోదాముల నుంచి మళ్లీ తెప్పించి, ఒక్కో కాయా నిజంగా కొరికి, కన్నీళ్లు తుడుచుకుంటూ ధర సరిచేయించాడు. ఇప్పుడాయనకు కారం తెలుస్తోంది, చేదు తెలుస్తోంది, పులుపు తెలుస్తోంది. తీపి కూడా తెలుస్తుందనే ఆయన నమ్మకం గానీ, రుజువు చేసుకునే అవకాశం ఖమ్మం జిల్లాలో ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.