ఇరవై వరసల రాయి

నంద్యాలలో ఇకపై పేరు లేని పార్కు గానీ, పేరు లేని బస్ షెల్టర్ గానీ, పేరు లేని మరుగుదొడ్డి గానీ ఒక్కటి కూడా ఉండబోదని ప్రజావసతుల నామకరణ సాధికార సంఘం చైర్మన్ లక్ష్మీనారాయణ గారు విలేకరుల ముందు ప్రకటించారు. దేశంలో ఇటువంటి సంఘం ఇదొక్కటేనని కూడా చెప్పారు. అది నిజం. మిగతా దేశం ఎందుకింత వెనకబడిపోయిందో ఏ విలేకరీ అడగలేదు. అప్పటికే మిరపకాయ బజ్జీలు వచ్చేశాయి.

సంఘానికి ఒక చైర్మన్, ఇద్దరు సభ్యులు, ఒక కారు, ఒక గది, ఒక ఉద్యోగి. ఆ ఉద్యోగి ప్రభాకర్. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో అతను తయారు చేయని రకం ఫైలు లేదు, అతని పేరున్న ఫైలూ లేదు. రాసేది అతను, సంతకం ఇంకొకరిది. ఆఫీసు తలుపు మీద అంతకు ముందు ఆ గదిలో కూర్చున్న మలేరియా ఇన్‌స్పెక్టర్ పేరుంది. ఇంటి గోడ మీద మామగారి పేరుంది. పైవాళ్ళు అతన్ని "ఏమప్పా" అనేవాళ్ళు. కిందివాళ్ళు లేరు. ఫోనులో ఎవరైనా "ప్రభాకరేనా?" అంటే ఒక్క క్షణం ఆగి, పక్క గదిలో కనుక్కుని వచ్చినవాడిలా, "ఆఁ, నేనే" అనేవాడు.

అటువంటివాడికి ఒకనాడు నిబంధనల పుస్తకంలో ఒక వాక్యం కనబడింది: పార్కు శిలాఫలకం చిట్టచివర, పని చూసిన ఉద్యోగి పేరు ఒక వరసలో చెక్కవచ్చును. ఆ నిబంధన రాసిందీ అతనే. ఆ సంగతి మరిచిపోయేటంత నిజాయితీగా సంతోషించాడు.

సాయంత్రం భార్య సౌజన్యతో చెప్పాడు.

"రాతి మీదనా?" అంది సౌజన్య, గరిటె పట్టుకునే.

"రాతి మీదనే."

"చెరిగిపోదు గదా?"

"గవర్నమెంటు మారితే పగలగొడ్తారు. చెరిపేది మాత్రం లేదు."

సౌజన్య వెంటనే కోయిలకుంట్లలో ఉన్న అక్కకు ఫోను చేసింది. ప్రారంభోత్సవం నాడు అందరం ఆటో మాట్లాడుకుని వస్తామని అక్క చెప్పింది. పాతికేళ్ళుగా "మీ ఆయన ఏం చేస్తాడు?" అని అడుగుతున్న అక్క ఆమె. అడిగిన ప్రతిసారీ సౌజన్య వేరే వేరే జవాబులు చెబుతూ వచ్చింది.

ఇక పార్కు పేరు. హౌసింగ్ కాలనీ వెనక ఎకరన్నర స్థలం, రెండు ఊయలలు, ఎనిమిది సిమెంటు బెంచీలు, నీళ్ళు రాని ఒక ఫౌంటెన్. ఇంత వైభవానికి తగిన పేరు వెతకడం చిన్న విషయం కాదు. మొదటి సమావేశంలోనే చైర్మన్ గారు సంపూర్ణ ప్రజాస్వామ్యాన్ని పాటించారు.

"మా తాత పెద్దోబుళప్ప పేరు పెడ్తాండాం. ఎవురికన్నా అభ్యంతరముంటే చెప్పండి, రాసుకుంటాడు," అన్నారు ప్రభాకర్‌ని చూపిస్తూ.

మహిళా సభ్యురాలు సరస్వతమ్మ గారు అడిగారు, "మీ తాత ఏం చేసినాడన్నా?"

"ఏం చేసేదేందమ్మా? మా నాయన్ని కన్యాడు. మా నాయన నన్ను కన్యాడు. ఇంగ ఎంత చేయల్ల?"

"అట్లయితే మా అత్త కమలాక్షమ్మ పేరు పెట్టల్ల. నన్ను ముప్పై ఏండ్లు భరించింది. వీధిలో ఎవుర్నన్నా అడుగు, మహాతల్లి అంటారు."

మూడోవారు కృష్ణస్వామి గారు. అహోబిలంలో పేరుపొందిన పండితులు. అంతవరకు కళ్ళు మూసుకుని ఉన్నవారు నెమ్మదిగా తెరిచారు. "మానవమాత్రుల పేర్లెందుకు నాయనా? ప్రహ్లాద వనం అందాం. ఆ అబ్బాయి మీద హిరణ్యకశిపుడు తప్ప అభ్యంతరం చెప్పినవాడు ఇంతవరకు లేడు."

చైర్మన్ గారు నిష్పక్షపాతి. వెంటనే మార్గదర్శకాలు రాయించారు. ఎవరి పేరు పెడతారో ఆ వ్యక్తి మరణించి ఉండాలి, సంఘంలో ఎవరికీ చుట్టం కాకూడదు, కులం ఉండకూడదు, పార్టీ ఉండకూడదు, ఆయన పేరు వింటే పట్టణంలో ఎవరి మనసూ నొచ్చుకోకూడదు. ప్రభాకర్ లైబ్రరీలో పది రోజులు కూర్చుని నాలుగు వందల మంది మహనీయులను వడబోశాడు. గుర్తున్నవాళ్ళందరికీ కులం ఉంది. కులం తెలియనివాళ్ళు ఎవరికీ గుర్తు లేరు.

పూల పేర్లకు వెళ్ళారు. ఏ పువ్వు తీసుకున్నా దాని రంగు ఏదో ఒక జెండాలో ఉంది. నదికి వెళ్ళారు.

"కుందూ పార్కు అంటే ఎట్లుంటాది?" అన్నారు సరస్వతమ్మ గారు.

"వద్దమ్మా," అన్నారు చైర్మన్. "నది పేరు పెడ్తే, నీళ్ళు యాడ అని అడుగుతారు. గోస్పాడు రైతులు మోటర్లు ఎత్తుకోని వచ్చినా వస్తారు."

చివరికి ప్రజాభిప్రాయం కోసం బస్టాండులో ఒక పెట్టె పెట్టారు. డెబ్భై మూడు చీటీలు వచ్చాయి. అరవై చీటీల్లో కుళాయి నీళ్ళు అడిగారు. తొమ్మిదింటిలో శ్రీశైలం బస్సు ఎన్నింటికని అడిగారు. మూడింటిలో కుక్కల సంగతి ఉంది. ఒకాయన మాత్రం, ఇంతకూ ఈ పెట్టెకు ఏం పేరు పెట్టారని అడిగాడు. ప్రజలు చైతన్యవంతులయ్యారని చైర్మన్ గారు హర్షం వెలిబుచ్చారు.

ఏడో సమావేశంలో మహత్తరమైన రాజీ కుదిరింది. మార్గదర్శకాలు మొదటి పార్కుకు వర్తించవని ఒక సవరణ చేసి, మూడు పేర్లనూ కలిపేశారు: 'పెద్దోబుళప్ప స్మారక కమలాక్షమాత ప్రహ్లాద సమైక్య ప్రజా ఉద్యానవనం.' ఒక్క ఊపిరిలో చెప్పగలిగే పేరు గొప్పపేరు కాదని చైర్మన్ గారు అన్నారు. తీర్మానం చదవడానికి ప్రభాకర్ మధ్యలో ఒకసారి నీళ్ళు తాగాడు.

శిలాఫలకం పని ఆళ్లగడ్డలో నృసింహాచారికి ఇచ్చారు. దేవుళ్ళనూ నాయకులనూ ఒకే ఉలితో చెక్కి, ఎవరినీ పెద్దగా నమ్మకుండా బతుకుతున్న మనిషి అతను. నల్లరాయి, నాలుగడుగుల ఎత్తు, మూడడుగుల వెడల్పు.

"ఇరవై వరసలు పడ్తాయి సార్," అన్నాడు. "ఇరవై ఒకటోది కావల్లంటే రాయిని ఎనక్కి తిప్పి సదువుకోవల్ల."

పార్కు పేరుకు పెద్ద అక్షరాల్లో రెండు వరసలు. మంత్రి గారి నుంచి కిందికి తొమ్మిది మంది. ప్రభాకర్‌కు చివర ఒక వరస. ఇంకా ఎనిమిది ఖాళీ. రాయి విశాలంగా, దయగా కనిపించింది ప్రభాకర్‌కు.

ఆ తర్వాత ఫోన్లు మొదలయ్యాయి. గౌరవ అతిథి అన్నారు. ఆత్మీయ అతిథి అన్నారు. ఇద్దరిలో ఎవరు పైన అనే దాని మీద ఒక పూట పోయింది. వారానికొకరు చొప్పున రాతి మీదికి ఎక్కుతూ వచ్చారు. ప్రభాకర్ నంద్యాలకూ ఆళ్లగడ్డకూ మధ్య బస్సులో తిరుగుతూ, కిటికీ పక్కన కూర్చుని, కాగితం మీద వరసలు లెక్కపెట్టుకునేవాడు. తన వరస ఇంకా ఉందా అని నిద్రలో పంటిని నాలుకతో తడుముకున్నట్టు తడుముకునేవాడు. ప్రారంభోత్సవం ముందు రోజు ఉదయానికి లెక్క సరిగ్గా ఇరవై అయింది. ఇక చెక్కవచ్చన్నాడు. నృసింహాచారి ఉలి ఎత్తాడు. ఫోను మోగింది.

"మంత్రిగారి బావమరిది పేరు మర్సిపోయినాం గదప్పా!" అన్నారు చైర్మన్. "మంత్రి పేరు కిందనే రావల్ల."

"సార్, రాయి నిండిపోయింది. అక్షరాలు చిన్నగ చేపిద్దామా?"

ఆ మాట విన్న నృసింహాచారి గట్టిగా అరిచాడు, "ఇంగా చిన్నగ చేస్తే చీమలొచ్చి సదువుకోవల్ల!"

"అదంతా నాకు తెల్దు," అన్నారు చైర్మన్. "ఏం చేస్తావో చెయ్యి. పెద్దోళ్ళ పేరు ఒక్కటి తగ్గినా, రేపు నువ్వు శ్రీశైలం ఘాట్లో కోతుల లెక్క రాసుకుంటాంటావ్." ఫోను పెట్టేశారు.

నృసింహాచారి కాగితాన్ని కిందినుంచి చూశాడు. "దీనికింత ఆలోచన ఎందుకు సార్? ఈ అడుగునుండేటోడు ఎవురో ప్రభాకర్ అంట. వాన్ని పీకేస్తే సరిపాయె."

"అది నేనే."

నృసింహాచారి మొదటిసారి అతని ముఖం వైపు చూశాడు. "రెండు నెల్ల నుంచి సార్, సార్ అంటాండా. పేరేందని అడగనే ల్యా సూడు."

ప్రభాకర్ రాతి ముందు కూర్చున్నాడు. రాతి పొడి గాలిలో తేలుతోంది. చుట్టూ సగం చెక్కిన దేవతలు, కళ్ళు తెరవడానికి ముహూర్తం కోసం చూస్తున్నారు. అతనికి తన పెళ్ళి ఫొటో గుర్తొచ్చింది. గ్రూపు ఫొటో చేతికొచ్చిన ప్రతి చుట్టమూ దాన్ని కళ్ళ దగ్గరికి తెచ్చుకుని, వెతికి వెతికి ఒక్క ముఖమే చూసుకుని తృప్తిగా తిరిగిచ్చేవాడు. పెళ్ళికొడుకు కళ్ళు మూసుకుని ఉన్నాడని ఏడాది దాకా ఎవరూ గమనించలేదు. గమనించినవాడూ పెళ్ళికొడుకే.

మనిషి ఒక జాబితా ముందు నిలబడితే చూసేది ఒక్క వరస. ఇరవై మంది చూస్తే ఇరవై వరసలు. అయితే ఎవరి కన్నూ పడని వరస ఏది? ఎవరి సొంత పేరూ కానిది ఏది?

పెన్సిలు తీసుకున్నాడు. కాగితాన్ని మోకాలి మీద పరుచుకున్నాడు.

"పైన రెండు వరసలు తీసెయ్యి."

"పైనుండేది పార్కు పేరు గదా?"

"ఔ."

"ఈ రాయి పెట్టేది ఆ పేరుకే గదా సార్?"

"దానికే."

నృసింహాచారి కొంతసేపు ఉలిని చూసుకున్నాడు. దేవుడికైనా నాయకుడికైనా అడగని ప్రశ్న, ఒక గుమస్తాను అడగడం ఎందుకనుకున్నాడు కాబోలు. "బావమరిది పోను ఇంగా ఒక వరస మిగుల్తాది. ఏం చేయమంటావ్?"

"ఒక పువ్వు చెక్కు."

"ఏం పువ్వు?"

"రంగు తెలీని పువ్వు."

మరునాడు పార్కు జనంతో నిండిపోయింది. శాలువాలకు కాపలాగా, వెనక ఎండలో, ప్రభాకర్‌ను వాటి దగ్గర నిలబెట్టారు. అక్కడినుంచి అతనికి మెడలూ తలపాగాలూ తప్ప ఏమీ కనబడలేదు. మంత్రి గారు తాడు లాగారు. తెర జారింది.

ప్రభాకర్ చొక్కా వీపుకు అతుక్కుపోయింది. ముందు వరసలో వేళ్ళు లేచి, గాలిలో కిందికి జారుతూ, తలా ఒక చోట ఆగాయి. తర్వాత చప్పట్లు. అంత హృదయపూర్వకమైన చప్పట్లు నంద్యాల ఈ మధ్యకాలంలో వినలేదు. మంత్రి గారు మాట్లాడుతూ, ఈ పార్కు పేరు రాయలసీమ ఉన్నంతకాలం నిలిచి ఉంటుందన్నారు. మళ్ళీ చప్పట్లు. కృష్ణస్వామి గారు కళ్ళజోడు తుడుచుకుని చూసి, "అక్షరం దివ్యంగా ఉంది నాయనా" అన్నారు. సరస్వతమ్మ గారు తన వరస పక్కన ముఖం పెట్టి సెల్ఫీ తీసుకున్నారు. చైర్మన్ గారు ప్రభాకర్ భుజం తట్టి, "ఒక్కరు గూడా గొణగల్యా! మంచి పని చేసినావప్పా," అన్నారు. పేరు మాత్రం గుర్తు రాలేదు.

జనం వెళ్ళిపోయాక ప్రభాకర్ రాతి దగ్గరికి వచ్చాడు. వెనక సౌజన్య, ఆమె అక్క, తోడల్లుడు, ఆటోలో పట్టినంత కోయిలకుంట్ల.

తోడల్లుడు వేలు పెట్టి పైనుంచి చదివాడు. మంత్రి పేరు అయింది, బావమరిది పేరు అయింది, అతిథుల పేర్లు అయ్యాయి, పువ్వు వచ్చింది. వేలు సిమెంటుకు తగిలి ఆగింది.

"నీది యాడప్పా?"

ప్రభాకర్ వంగి చూశాడు. పక్కనే మేస్త్రీ తాపీ కడుక్కుంటున్నాడు.

"రాయి కిందికి దిగింది గదన్నా?" అన్నాడు ప్రభాకర్.

"తెల్లారుజామున చైర్మన్ సార్ వచ్చి దింపమన్యాడు," అన్నాడు మేస్త్రీ. "మంత్రి పొట్టిగుంటాడంట. ఫొటోలో ఆయప్ప మొగం పక్కకే ఆయప్ప పేరు రావల్లంట. మూడంగుళాలు దింపినా. సరిగ్గా కుదిరింది."

"నా పేరు కిందుండాది," అన్నాడు ప్రభాకర్ తోడల్లుడితో.

"కింద సిమెంటుండాది."

"సిమెంటు కింద."

"అయితే పునాదిలో ఉండావన్నమాట," అన్నాడు తోడల్లుడు సానుభూతిగా. "గొప్పోళ్ళంతా ఆడనే ఉంటార్లే."

అక్క ఏదో అడగబోయి ఆటో ఎక్కింది. సౌజన్య మాత్రం వంగి, కొంగు చివరతో రాతి కింది అంచును ఒకసారి తుడిచి, వెళ్ళి అక్క పక్కన కూర్చుంది.

మునిమాపు వేళ పార్కు ఖాళీ అయింది. ప్రభాకర్ ఒక్కడే రాతి ముందు గొంతుక్కూర్చుని, ఇంటి తాళంచెవితో సిమెంటు గీకుతున్నాడు. పచ్చి సిమెంటు ముద్దలుగా ఊడుతోంది. బంగారు రంగు గీత ఒకటి కనబడింది. ఏ అక్షరం తలకట్టో తెలియలేదు. ఇరవై ఆరేళ్ళలో ఏ పనినీ అతను ఇంత ఇష్టంగా చేయలేదు.

"ఏయ్! ఎవురప్పా అది?" టార్చి వెలుగు అతని వీపు మీద పడింది. వచ్చినవాడు ఎలీషా. ఏజెన్సీ ఆ ఉదయమే పంపిన వాచ్‌మన్. "పొద్దున పెట్టిన రాయిని మాపటికే గీకుతాండావా?"

"దీని కింద నా పేరుండాది."

"అందరూ అదే చెప్తారు. బెంచీల మీద పేర్లు చెక్కేది గూడా మీ అసుమంటోళ్ళే. రా, ఈడ కూచో. రిజిస్టర్లో ఎక్కించల్ల."

కొత్త రిజిస్టరు. మొదటి పేజీ. ఎలీషా టార్చిని చంకలో పెట్టుకుని పెన్ను తీశాడు.

"పేరు?"

"ప్రభాకర్." ఈసారి ఆలస్యం కాలేదు.

ఎలీషా ఒక్కో అక్షరాన్నీ గుండ్రంగా, నిదానంగా, నీలి ఇంకుతో రాశాడు. ప్రభాకర్ మెడ చాచి చూశాడు. ఒక్క తప్పు లేదు.

"బాగా రాసినావు," అన్నాడు.

"నేరం: రాయి గీకుట. నేరం జరిగిన పార్కు పేరు?"

ప్రభాకర్ తాళంచెవికి అంటిన సిమెంటు తుడుచుకున్నాడు.

"ఏం, తెల్దా? రాతి మీదుంటాది లే." ఎలీషా లేచి వెళ్ళాడు. టార్చి వెలుగు రాతి పైనుంచి కిందికి దిగింది. మళ్ళీ పైకి ఎక్కింది. పువ్వు దగ్గర కాసేపు నిలబడింది. వాచ్‌మన్ చాలాసేపటికి వెనక్కి తిరిగాడు. గొంతులో ఇప్పుడు మర్యాద వచ్చింది.

"సార్, ఈడ ఇంతమంది ఉండారు గదా. వీళ్ళల్లో పార్కు ఎవురు?"