పచ్చదీపం వెలగని మూడు రోజులు

అసుక్రోమ్‌ను ఏలే నానా ఒబెంగ్ ద్వామెనా గురువారం పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. చడీచప్పుడు లేకుండా కుమాసి పట్నం వెళ్ళడం, నాలుగేళ్ళ కిందట రెండు ముందు పళ్ళు ఊడినచోట కట్టుడు పళ్ళు పెట్టించుకోవడం, సాయంత్రానికి తిరిగి రావడం. అంగలోపం ఉన్నవాడు గద్దె మీద కూర్చోకూడదని ఊరి కట్టుబాటు. సభలో నానా గుసగుసగా చెబితే జనానికి వినిపించే ఒచామె ఉద్యోగం గ్యాంఫీది. అందుకే ఆ పళ్ళ సందు ఎవరి కంటా పడలేదని నానా నమ్మకం.

"ఫోను నీ దగ్గరే ఉంచు ఒచామే. నా దగ్గరుంటే ఎక్కడున్నారని ఒక్కొక్కరూ అడుగుతారు. నాకు అబద్ధం రాదు."

"నాకొచ్చా నానా?"

"అది నీ ఉద్యోగం."

ఇంత జాగ్రత్తపడ్డ మనిషి ఒక్కటి మరిచారు. ఆ ఫోనులో ఆయన రోజూ ఆన్‌లైన్‌లో దామె ఆడేవారు. గళ్ళ పలక మీద బిళ్ళలు దూకించే ఆట అది. చేరేటప్పుడు పేరడిగితే అందరూ పులి, పిడుగు అని ఏవో పెట్టుకున్నారు. పేరు దాచుకుని పలక ముందు కూర్చోవడం దొంగల లక్షణమని నానా మాత్రం నానా అనే బిరుదుతో, ఊరితో సహా రాసేశారు. ఆ పేరు లోకమంతా చూడొచ్చు. ఆడుతున్నంతసేపూ దాని పక్కన పచ్చదీపం వెలుగుతుంది, ఆడకపోతే ఎన్నాళ్ళ నుంచి కనబడలేదో లెక్క పడుతుంది.

పళ్ళు సరిగా కుదరక వైద్యుడు మూడు రోజులు తిప్పాడు. పక్క ఊరి వడ్రంగి అతకోరా నాలుగేళ్ళుగా నానా చేతిలో రోజూ ఓడిపోతున్నవాడు. ఆదివారం పొద్దున ఆయన పేరు కింద 'మూడు రోజుల క్రితం' అని చూసి, చర్చి కూడా మానుకుని, ఇద్దరు పెద్దలతో నానా ఇంటికి వచ్చేశాడు.

"నానాకు ఒంట్లో ఎలా ఉంది ఒచామే?"

కుమాసి వెళ్ళారంటే ఎందుకంటారు. పళ్ళ కోసమంటే గద్దెకే ఎసరు. గ్యాంఫీ గుమ్మానికి అడ్డంగా నిలబడి, "బాగున్నారు. విశ్రాంతిలో ఉన్నారు. ఇప్పుడు కనబడరు," అన్నాడు.

పెద్దలిద్దరూ మెల్లగా చెప్పులు విడిచారు. రాజు పోతే ఆ సంగతి నలభై రోజులు బయటపెట్టకూడదు, అడిగినవాళ్ళకు బాగున్నారనే చెప్పాలి అన్నది ఆచారం. కిందటి రాజు పోయినప్పుడు ఇదే గ్యాంఫీ ఇదే గుమ్మంలో నిలబడి ఇదే చెప్పాడు.

"నిజంగానే బాగున్నారయ్యా."

"తెలుసు ఒచామే," అతకోరా కళ్ళు తుడుచుకున్నాడు. "కిందటాయన కూడా అలాగే బాగున్నారు."

మధ్యాహ్నానికి ఊరంతా సంతాపపు నల్లబట్టల్లోకి మారింది. గ్యాంఫీ తెలివిగా నానా ఫోను తీసి ఆట తెరిచాడు. పచ్చదీపం వెలిగింది. మరుక్షణం అతకోరా ఆటకు పిలిచాడు. కాదంటే అనుమానం వస్తుందని గ్యాంఫీ ఆడాడు, పదకొండు ఎత్తుల్లో ఓడిపోయాడు.

జీవితంలో మొదటిసారి గెలిచిన అతకోరా గొల్లుమన్నాడు. "ఇవి నానా చేతులు కావు. పోయినవాళ్ళ ఫోను ఎవడో పట్టుకు కూర్చున్నాడు."

దాంతో ఇక ఎవరికీ సందేహం లేకపోయింది. కొత్త రాజును ఎంచే హక్కున్న రాణీమాత, నానా పెద్దమ్మ, కర్ర పట్టుకుని వచ్చి కూర్చుంది. గద్దెకు వారసులైన నానా మేనల్లుళ్ళు ముగ్గురూ ఇస్త్రీ బట్టల్లో, కానుకగా జిన్ను సారా సీసాలతో ఆమె ముందు వరుస కట్టారు. అతకోరా శవపేటికకు చెక్క కోయించాడు. నానా గద్దె కళ్ళముందే చేజారుతుంటే గ్యాంఫీకి నిజంగా ఏడుపొచ్చింది. అది చూసి నమ్మనివాళ్ళు కూడా నమ్మారు.

పొద్దు వాలుతుండగా ట్రోట్రో వ్యాను దిగి నానా వచ్చారు. జనాన్ని చూసి, ఏమీ అర్థంకాక, నవ్వారు. పళ్ళు తళతళలాడాయి.

పెద్ద మేనల్లుడు తేరుకున్నాడు. "మా మామయ్యకు ముందు పళ్ళు రెండు లేవు. ఈయనెవరో పోలికలున్న మనిషి."

"అవునవును, లేవు," అంది ఊరంతా.

నానా గ్యాంఫీ వైపు చూశారు, గ్యాంఫీ నేల వైపు చూశాడు. పళ్ళుంటే తను నానా కాడు, లేకపోతే రాజు కాడు. చివరికి కట్టుడు పళ్ళు తీసి గ్యాంఫీ అరచేతిలో పెట్టారు.

రాణీమాత దగ్గరకొచ్చి నోట్లోకి తొంగిచూసింది. "ఈ సందు మావాడిదే."

"మరి అంగలోపం కాదా అమ్మమ్మా?" అన్నాడు పెద్ద మేనల్లుడు.

"నాలుగేళ్ళుగా ఊరంతా చూసి ఊరుకున్నదాన్ని లోపమనరు. నువ్వా ఇస్త్రీ బట్టలు మడిచి పెట్టుకో."

మర్నాడు నానా ఆటలో తన పేరు తుడిచేసి 'ఎవరో ఒకడు' అని రాసుకున్నారు.

"ఇక మిమ్మల్ని ఎవరూ పోల్చుకోలేరు నానా," అన్నాడు గ్యాంఫీ.

ఆ పేరు కింద ఆట అందరికీ కనబడేలా చూపించింది: 'పాత పేరు: నానా ఒబెంగ్ ద్వామెనా, అసుక్రోమ్.'