బాధ్యతగల పొగ

భూగోళాన్ని కాపాడే భారం ఇకపై మా క్రెగ్ హాయిల్ గారి వేప్ దుకాణానిదే, అదే ఈ-సిగరెట్ల కొట్టుదే! ఈ సంగతి యార్క్‌షైర్ ప్రజలకు చాటే భారం నాది. ప్రచారం నా వృత్తి. ఏటిని కంపు కొట్టించిన రంగుల ఫ్యాక్టరీకి ‘నీటి నేస్తం’ అని పేరు తెచ్చిపెట్టిన వాణ్ణి కనక, నా సామర్థ్యం మీద ఎవరికీ అనుమానం లేదు.

హాయిల్ గారికి హైస్కూలు పక్కన రెండో దుకాణం తెరవాలని కోరిక. దానికి కౌన్సిల్ అనుమతి కావాలి. కౌన్సిల్లో ఆ వ్యవహారాలు చూసేది థ్వెయిట్ గారు. అందుకని ఆవిడ చేతుల మీదుగా దుకాణంలో ఒక ఆకుపచ్చ డబ్బా ప్రారంభింపజేశాం. వాడి పారేసే వేప్‌లు అందులో వేస్తే రీసైక్లింగ్‌కు వెళతాయి. ఎప్పుడు వెళతాయని ఎవరూ అడగలేదు, మేమూ చెప్పలేదు.

రిబ్బన్ తెగింది. చప్పట్లు మోగాయి. కెమెరా తిరుగుతోంది. డబ్బా ఖాళీగా ఉందే అని నేను కంగారు పడుతుండగా, వెనక వీధి విన్నీ అక్రాయిడ్ గారు బరువైన సంచీతో వచ్చింది. ఎనభైకి దగ్గర పడిన మనిషి.

“ఇదిగో నాయనా, మీ సరుకే. స్కూలు కంచె దగ్గర ఏరుకొచ్చా. పిల్లలకి అమ్మడం మానతారా, మానరా?”

హాయిల్ గారి మొహం మాడిపోయింది. నేను వెంటనే అందుకున్నాను.

“ఎంతమాట! పాతికేళ్ల లోపువాళ్లలా కనిపిస్తే చాలు, పద్దెనిమిది నిండాయని ఐడీ చూడందే మేం ఏదీ ఇవ్వం. కెజియా, ఎలా అడుగుతావో చూపించమ్మా!”

కౌంటర్లో ఉన్న కెజియా విన్నీ గారి వైపు తిరిగింది. “మేడమ్, మీ ఐడీ?”

“నాకా! నా మోకాళ్లనడుగు తల్లీ, అవి చెప్తాయి!”

“సారీ అండీ. రూలంటే రూలే.”

థ్వెయిట్ గారు కళ్లొత్తుకుంది. “ఎంత నిష్ఠ! పెద్దావిణ్ణి కూడా వదల్లేదు! హాయిల్ గారూ, మీ రెండో దుకాణం సంగతి నేను చూసుకుంటాను.”

అంతలో తలుపు గంట మోగింది. స్కూలు టై కట్టుకున్న కుర్రాడొకడు వచ్చాడు. కెజియా అలవాటుగా ఒక గులాబీరంగు వేప్ కౌంటర్ మీద పెట్టింది.

“ఇదిగో జెన్సన్, నీ స్ట్రాబెర్రీ.”

వాడు చెయ్యి చాచబోయి బిగుసుకుపోయాడు. “నానమ్మా! నువ్విక్కడేంటి?”

విన్నీ గారి చేతిలో సంచీ జారింది. కంచె దగ్గర వంగి వంగి ఏరిందంతా నేలమీద దొర్లింది. అందులో సగం గులాబీరంగువే.

“వీడికి పదమూడేళ్లే!” ఆవిడ కెజియా వైపు తిరిగింది. “నన్నడిగిన ఐడీ వీణ్ణెందుకు అడగలేదే?”

కెజియా నిజంగానే తెల్లబోయింది. “వీణ్ణెందుకండీ అడగడం? రోజూ వచ్చేవాడేగా, తెలిసినవాడే!”

విన్నీ గారు మనవడి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది. థ్వెయిట్ గారు కెమెరా వైపు చూసి, “ఆ ముక్క తీసేయించండి” అంది మెల్లగా.

తీసేయించాను. అనుమతీ వచ్చింది. ఆ పెద్దావిడకు మొహం చూపించడానికి నాకు సిగ్గేసింది, నిజమే. కానీ పత్రికా ప్రకటన రాయడానికి మొహంతో పనేముంది? రాసేశాను:

“ప్రతి కస్టమర్‌నూ పేరు పెట్టి పలకరించే బాధ్యతగల దుకాణం, ఇప్పుడు మీ స్కూలు పక్కనే!”