పదిహేడో పేజీలో 'ద' హత్య

సంస్థ వార్షిక నివేదిక పదిహేడో పేజీలో ఒక 'ద' హత్యకు గురైనట్టు సోమవారం ఉదయం పదిన్నరకు బయటపడింది.

చచ్చింది అక్షరం కాబట్టి రక్తం లేదు. నష్టం మాత్రం తీవ్రమైనది. గొడుగులు తయారుచేసే ఆ సంస్థ ఎండీగారు వార్షిక సభలో, "కష్టకాలంలో మా సిబ్బందిని ఆదుకుంటాం" అని సెలవిచ్చినట్టు అందరికీ తెలుసు. అచ్చులో "ఆడుకుంటాం" అని పడింది. రెండువేల ప్రతులు పంచి మూడు వారాలైనా ఎవరూ గమనించలేదు. తన సంస్థ నివేదికను తానే చదువుకునేంత తీరిక అక్కడ అందరికీ ఉంది. అలాంటి అలవాటు ఎవరికీ లేదు, అంతే. రిసెప్షన్‌లో ఫ్యాను బాగుచేయడానికి వచ్చిన ఎలక్ట్రీషియన్ తోచక దాన్ని తిరగేసి, నిచ్చెన మీదే పడీపడీ నవ్వాడు. బయటివాడు నవ్వాక లోపలివాళ్ళకు నేరం కనిపించింది.

అనుమానితురాలు దొరకడానికి అయిదు నిమిషాలు పట్టింది. ప్రసంగం రికార్డు విని టైపు చేసింది కొత్తగా చేరిన టైపిస్టు. ఆర్నెల్ల కాంట్రాక్టు. శుక్రవారంతో ముగుస్తుంది. ఆ జీతం మీద ఇంట్లో మరో ముగ్గురు బతుకుతున్నారు. డిప్యూటీ మేనేజరు ఆమెను పిలిపించాడు.

"ఏమ్మా, చెవులున్నాయా, అద్దెకిచ్చావా?"

"విన్నదే కొట్టాను సార్."

"విన్నది కొట్టమని నీకెవరు చెప్పారు? నీకు ముందున్న పెద్దాయన పదకొండేళ్ళు చేశాడు. ఒక్క తప్పు రాలేదు."

"ఆయన హెడ్‌ఫోను సీలు కూడా తీయలేదు సార్. పెట్టెలోనే ఉంది."

అది వాస్తవమే. పెద్దాయన ఏటా కిందటేడు ప్రసంగానికే తేదీ మార్చి ఇచ్చేవాడు. ఆ నిష్ఠకు సంస్థ ఆయనకు శాలువా కప్పింది.

"అయితే ఎండీగారు అలా అన్నారంటావా?" అన్నాడు డిప్యూటీ మేనేజరు.

అవునంటే ఉద్యోగం పోతుంది. కాదంటే తప్పు ఒప్పుకున్నట్టు, అప్పుడూ పోతుంది. ఆమె ఒక్క క్షణం ఆలోచించి, "కంప్యూటరు సౌండు కాస్త గరగరమంటుంది సార్" అంది. అంతస్తంతా ఊపిరి పీల్చుకుంది. యంత్రం మీద నేరం మోపడం మర్యాదస్తుల పద్ధతి. అది ఎదురు చెప్పదు, దానికి మేనమామలు ఉండరు.

మధ్యాహ్నానికల్లా కమిటీ ఏర్పడింది. కంప్యూటరులో మాట మాటగా ఉండదు, అంకెలుగా ఉంటుంది. ఆ అంకెలను మళ్ళీ శబ్దంగా మార్చి, బలం పెంచి హెడ్‌ఫోనుకు అందించే అగ్గిపెట్టెంత పరికరం ఒకటి ఉంది. యూఎస్‌బీకి తగిలిస్తే చాలు. పేరు డ్యాక్. సరసమైన ధరలో మంచి డ్యాక్‌ను ఎంపిక చేసి, దాని ద్వారా శుక్రవారంలోగా 'ద'ను ప్రాణాలతో రప్పించడం కమిటీ లక్ష్యం. అధ్యక్షుడు డిప్యూటీ మేనేజరు. సభ్యుడు అకౌంట్స్ పెద్దమనిషి. శబ్ద నిపుణుడు డిప్యూటీ మేనేజరు బావమరిది. అతనికి సొంత హెడ్‌ఫోను ఉంది.

మొదటి సమావేశంలోనే అకౌంట్స్ పెద్దమనిషి మౌలికమైన అభ్యంతరం లేవనెత్తాడు. "పేరులోనే 'డ' ఉంది. ఇది 'ద'కు న్యాయం చేస్తుందా?" ఈ అంశం మీద చర్చ గంటన్నర సాగింది. టీ రెండుసార్లు వచ్చింది.

మంగళవారం మొదటి పరికరం తగిలించారు. గరగర పోయింది. ఎండీగారు చెవి పక్కన కూర్చుని చెప్పినట్టు "ఆడుకుంటాం" అన్నారు. పరికరం లోపభూయిష్టమని తీర్మానించారు. బుధవారం రెండోది వచ్చింది. కొంచెం ఖరీదు, బలం ఎక్కువ. అందులో 'డ' బల్లగుద్దినట్టు వినిపించింది. అతిశయోక్తి దోషం కింద దాన్నీ తిరస్కరించారు.

గురువారం నాటి మూడోది ఆ ధరకు దొరికేవాటిలో మేలైనదని బావమరిది హామీ ఇచ్చాడు. నిజంగానే మేలైనది. 'డ' తర్వాత ఎండీగారి చిన్న నవ్వు వినిపించింది. ఆ నవ్వు వెనక, మైకుకు దూరంగా, "సార్, అదరగొట్టారు!" అని ఎవరో గుసగుసలాడారు.

"బావా, ఇది నీ గొంతే!" అన్నాడు నిపుణుడు సంబరంగా.

"నోర్మూసుకో. ఇది లేని శబ్దాలు పుట్టిస్తోంది. పీకెయ్."

సాయంత్రం బావమరిదే పేవ్‌మెంటు మీద నాలుగోది కొనుక్కొచ్చాడు. పేరు లేదు, ఊరు లేదు, ధర మొదటిదానిలో పదోవంతు. తగిలిస్తే మిక్సీలో మేకులు వేసి తిప్పినట్టుంది. ఆ హోరులోంచి "ఆ... కుంటాం" అని మాత్రం తేలింది. అకౌంట్స్ పెద్దమనిషికి అందులో 'ద' వినిపించింది. డిప్యూటీ మేనేజరుకు రెండు 'ద'లు వినిపించాయి. కమిటీ ఏకగ్రీవంగా ఎంపిక చేస్తూ ఇలా రాసింది: "కోరుకున్నది వినగలిగే సౌలభ్యం ఈ పరికరం విశిష్టత. పైగా చవక."

శుక్రవారం టైపిస్టు చెవులకు హెడ్‌ఫోను పెట్టారు.

"ఏం వినిపిస్తోందమ్మా?"

"ఏం వినిపించాలి సార్?"

"ద."

"అయితే అదే సార్."

కాంట్రాక్టు పొడిగింపు కాగితం తయారైంది. ఆమెను తప్పుపట్టే పాఠకులు ముందు తమ హెడ్‌ఫోను ఒకసారి తుడుచుకోవలసిందిగా మనవి.

సంతకం కోసం కాగితం అందుకున్న ఎండీగారు 'ద'ను రప్పించిన పరికరాన్ని వినాలని ముచ్చటపడి స్వయంగా దిగివచ్చారు. వెనక సిబ్బందంతా చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఆయన హెడ్‌ఫోను పెట్టుకుని, నిమిషం విని, తీసేశారు.

"ఇందులో నా గొంతు నాకే తెలియడం లేదు. నీకు 'ద' ఎలా వినిపించిందమ్మా?"

ఆమె డిప్యూటీ మేనేజరు వైపు చూసింది. ఆయన ఫ్యాను వైపు చూశాడు.

"వినిపించలేదు సార్," అంది చివరికి. "మొదటిసారి విన్నదే నిజం. మీరు 'డ' అనే అన్నారు."

ఎండీగారు కలం మూత పెట్టి, కాగితం సంతకం లేకుండానే ఆమె బల్ల మీద పెట్టారు.

"అవునమ్మా, 'డ' అనే అన్నాను. మూడేళ్ళుగా అంటున్నాను. మొదటి ఏడాది నోరు జారింది. చెమటలు పట్టాయి. తలెత్తి చూస్తే అందరూ చప్పట్లు కొడుతున్నారు. రెండో ఏడాది కావాలనే అన్నాను, ఇంకా గట్టిగా కొట్టారు. ఈ ఏడాది ఆదివారం సెలవు తీసేస్తూ అన్నాను, లేచి నిలబడి మరీ కొట్టారు. ఇన్నాళ్ళకు నువ్వొక్కదానివే విన్నావు. అందుకే సంతకం పెట్టలేనమ్మా. విన్నది విన్నట్టు కొట్టే మనిషి ఒక్కరున్నా నేను నోరు అదుపులో పెట్టుకోవాలి, ఈ వయసులో అది నావల్ల కాదు. అటు చూడు... అప్పుడే మొదలుపెట్టారు చప్పట్లు."