మా వంటింటి మీద ఆఫీసు కన్ను

నిఘా సాఫ్ట్‌వేర్‌ను తిట్టిపోసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది. పాపం, వాళ్లను జీవితంలో ఎవరూ సరిగ్గా చూసి ఉండరు!

నన్ను చూస్తున్నారు. రోజుకు నలభై ఎనిమిది సార్లు! ఇంటి నుంచి పనిచేసే నా లాప్‌టాప్‌లో మా బీమా కంపెనీ పెట్టిన ప్రోగ్రామ్ పది నిమిషాలకోసారి నా ఫోటో తీస్తుంది. కొత్తగా జుట్టు కత్తిరించుకుంటే మా ఆయన ఫోల్క్‌మార్ గుర్తుపట్టడానికి నాలుగు రోజులు పట్టింది. ప్రోగ్రామ్ క్షణంలో పట్టేసింది. ‘ముఖం సరిపోలలేదు’ అని అలారం కూడా మోగించింది! ఇరవై రెండేళ్ల కాపురంలో ఇంత శ్రద్ధ చూశానా నేను?

దీనికంతటికీ నేను ఒప్పుకున్నాను సుమా! ఉద్యోగి ఒప్పుకోలు బలవంతపుది కాకూడదని మా ఐరోపా చట్టం. అందుకే కంపెనీ పత్రం మీద ‘స్వచ్ఛందంగా’ అని లావు అక్షరాలతో అచ్చేసింది. శుక్రవారంలోగా సంతకం చేసి తీరాలని కింద సన్నక్షరాలతో వేసింది. నేను గురువారమే స్వచ్ఛందించాను.

ఆరోగ్యానికీ మంచిదే. గడ్డకట్టే జనవరిలోనైనా సరే, పొద్దున్నే కిటికీలన్నీ బార్లా తెరిచి గాలి మార్చనివాళ్లను మా కాసెల్ ఊళ్లో మనుషుల్లో లెక్కేయరు. ఆ పది నిమిషాలకు ప్రోగ్రామ్ నన్ను ‘గైర్హాజరు’ అని రాసింది. ఇప్పుడు కిటికీ రెక్కకు తాడు కట్టుకున్నాను. కోటూ టోపీ వేసుకుని కుర్చీలోనే కూర్చుని, ఒక చేత్తో తాడు లాగుతూ రెండో చేత్తో టైపు చేస్తున్నాను. వ్యాయామశాలకు వెళ్లే పని తప్పింది!

ఇక్కడో ఇంటి సంగతి చెప్పాలి. ఫోల్క్‌మార్ రెండు నెలలుగా సెలవులో ఉన్నాడు. మనసు బాగోలేదు. మా ఇద్దరికీ డాక్టరుకూ తప్ప మరొకరికి తెలియకూడదని ఆయన పట్టు. మా దేశంలో అది తేలికే. యజమానికి చేరే సెలవు చీటీలో జబ్బు పేరు ఉండదు. ఆయన పనిచేసే బస్సు డిపోలో ఎవరూ అడగలేదు, అడగకూడదు కూడా. (ఇదంతా రాయడానికి ఆయన అనుమతి తీసుకున్నాను. గడువేమీ పెట్టలేదు.)

ఆ మధ్య మీటింగ్ అయ్యాక మా మేనేజర్ హెన్రికె నన్నొక్కదాన్నే ఆగమంది.

“అల్ముత్ గారూ, మీ ఆయన కాస్త తేరుకున్నారా? పాపం, పొద్దస్తమానం ఆ బల్ల దగ్గరే తల పట్టుకుని కూర్చుంటారు కదా!”

హెన్రికె మంచి మనిషి. నిజంగా బాధపడే అడిగింది. కానీ ఆమెకు నేనెప్పుడూ ఏమీ చెప్పలేదు.

మాది చిన్న ఇల్లు, వంటిల్లే నా ఆఫీసు. నా గురించి దాచుకున్నదంతా చూపించమని కంపెనీని అడిగే హక్కు నాకుంది కనుక అడిగాను. నెల తిరిగాక ఒక పెద్ద కట్ట వచ్చింది. నూటముప్పై ఫోటోల్లో నా వెనక, మాసిన గడ్డంతో, తల పట్టుకుని ఫోల్క్‌మార్. ప్రతిదాని కిందా ఒకటే రాత: ‘నేపథ్యంలో అపరిచిత వ్యక్తి. కదలిక లేదు. పనికి ఆటంకం.’

ఆయన ఒక్కొక్కటే తిరగేశాడు.

“ఏంటే, నేను మీ ఆఫీసులో ఎప్పుడు చేరాను?” అని నవ్వబోయాడు. కుదరలేదు. “నన్నెవరు అడిగారు అల్ముత్? నేనెక్కడా సంతకం పెట్టలేదే!”

సిగ్గుతో చచ్చిపోయాను.

మర్నాటి నుంచి నేను లాప్‌టాప్ తెరవగానే ఆయన పడగ్గదిలోకి వెళ్లి తలుపేసుకుంటున్నాడు. ఒంటరిగా గదిలో కూర్చోవద్దని, మనుషుల మధ్య ఉండమని డాక్టరు మరీ మరీ చెప్పింది. ఆ ఫోటోలు చెరిపేయమని కంపెనీకి రాశాను. జవాబు ఇంకా రాలేదు.

వారం నివేదిక మాత్రం ఠంచనుగా వచ్చింది: ‘ఆటంకం తొలగింది. మీ పనితీరు మెరుగుపడింది. అభినందనలు!’