గుమ్మం ముందు చెప్పులు

ఆ బుధవారం పొద్దున షఫీక్ వేసుకున్న ప్లాను చాలా చిన్నది. పదకొండింటికి రైసుమిల్లు యజమాని బసవేశ్వరరావు గారు ఇంటికి వస్తారు. ఈలోగా, ప్రాక్టీసు చేసుకొమ్మని ఆయన ఇంటికి పంపిన కంప్యూటరు మీద, ఒకటి నుంచి వంద దాకా బస్తాల నంబర్లు వచ్చి ఆగిపోయే ప్రోగ్రాము రాయాలి. రాస్తే తెనాలి ఆఫీసులో ఇరవై ఏళ్ళ నాటి కుర్చీ నిలుస్తుంది. లేకపోతే రేపల్లె గోడౌనే గతి. నలభై ఆరేళ్ళొచ్చాక ఎలుకలతో కాపురం చెయ్యడం షఫీక్‌కు సుతరామూ ఇష్టం లేదు.

చిక్కల్లా ఒక్కటే. నంబర్లు వంద దగ్గర ఆగడం లేదు. వెయ్యి దాటి, పది వేలు దాటి, ఒకటే పరుగు.

కాపాడమని, తనకు పాఠాలు చెప్తున్న కంప్యూటరు సెంటరు జాన్సన్ సార్‌కు ఫోను చేశాడు. సెంటరులో కరెంటు పోయిందట. ఆయన పొద్దుటి బ్యాచి పన్నెండు మందినీ వెంటబెట్టుకుని మరీ వచ్చారు. దుమ్ము పడితే కంప్యూటరు పాడవుతుందన్నది ఆ మహానుభావుడి మొదటి పాఠం. అందరిచేతా చెప్పులు గుమ్మం బయటే విడిపించి, తలుపు దగ్గరగా వేయించారు.

ఎదురింటి ధనమ్మ ఆ చెప్పులు చూసింది. షఫీక్ తల్లి ఇమాం బీకి కిందటి వారమంతా జ్వరం. ముసలావిడ పోయిందనుకుంది ధనమ్మ. ఆ వీధిలో అలాంటప్పుడు ఏం జరిగిందని ఎవరూ అడగరు, అడగడం మర్యాద కాదు. చెప్పులు విడిచి, చడీచప్పుడూ లేకుండా వెళ్ళి ఓ మూల కూర్చుంటారు. ధనమ్మా అదే చేసింది. లోపల షఫీక్ తల పట్టుకుని, కళ్ళు తుడుచుకుంటూ కనిపించాడు.

"ఏడవకు నాయనా. మన చేతుల్లో ఏముంది?"

"నా చేతుల్లోనే ఉందండి. ఎక్కడో తప్పు చేశాను."

"నీ తప్పేం లేదు. చెయ్యాల్సిందంతా చేశావు."

ఈవిడకు ప్రోగ్రామింగు ఎప్పుడొచ్చిందా అని షఫీక్ అబ్బురపడ్డాడు.

ధనమ్మ చెప్పులు చూసి పక్కింటివాళ్ళు వచ్చారు. వాళ్ళ చెప్పులు చూసి చివరింటివాళ్ళు వచ్చారు. చెప్పులు పెరిగేకొద్దీ జనం, జనం పెరిగేకొద్దీ చెప్పులు. పదిన్నరకు చెప్పులు వీధిలోకి దిగాయి. తన కంప్యూటరు చూడ్డానికే ఇంతమంది వచ్చారనుకుని షఫీక్‌కు చెమటలు పట్టాయి.

అప్పుడే బజారు నుంచి చేపల సంచితో ఇమాం బీ వచ్చింది. ఇంటి ముందు చెప్పులు చూసి నిలువునా నీరైపోయింది. ఆవిడా ఎవరినీ అడగలేదు. తన చెప్పులూ విడిచి, ధనమ్మ పక్కన చతికిలబడి బావురుమంది. ఓదారుద్దామని ఇటు తిరిగిన ధనమ్మ పెట్టిన కేకకు వీధి చివర కుక్క కూడా లేచింది.

సంగతి తెలిశాక ఇమాం బీ చేతికర్ర తీసుకుని గుమ్మంలో నిలబడింది. వచ్చిన ప్రతివాడికీ కర్ర అడ్డం పెట్టింది.

"ఎవరికోసం వచ్చావు? నాకోసమేనా? నేను బతికే ఉన్నా. ఇక నడువు!"

రెండు నిమిషాల్లో జనం ఆగిపోయారు. షఫీక్ ఎగిరి గంతేశాడు.

"సార్! మా అమ్మ ఒక్కొక్కళ్ళనీ ఆపి అడుగుతోంది. నేను మొదట్లో ఒక్కసారి అడిగి ఊరుకున్నా. వంద అయిందా అని ప్రతి నంబరు దగ్గరా అడగాలి!"

"ఇదే కదండీ నేను వారం నుంచీ చెప్తున్నది!" అన్నారు జాన్సన్ సార్ నీరసంగా.

పదకొండింటికి బసవేశ్వరరావు గారు వచ్చారు. కబురు మిల్లు దాకా పాకినట్టుంది, చేతిలో పూలదండ ఉంది. ఎదురుగా ఇమాం బీని చూసి దండ వెనక్కి దాచుకున్నారు. తెర మీద నంబర్లు ఒకటి నుంచి బయల్దేరి, వంద దగ్గర బుద్ధిగా ఆగాయి. ఆయన ముఖం వికసించింది. దాచుకున్న దండ తీసి షఫీక్ మెడలో వేశారు.

"శభాష్ షఫీకూ! నీకింత వచ్చని తెలీక ఇక్కడే ఉంచేశాను. తెనాలి లెక్కలు ఎవడైనా చూస్తాడు. రేపల్లె గోడౌన్లోనే బస్తాలన్నీ తారుమారు. నీలాంటి చదువుకున్నోడు అక్కడుండాలి!"

సోమవారం రేపల్లె పాసింజరులో షఫీక్‌కు కిటికీ పక్క సీటే దొరికింది, మానిటరు మాత్రం ఒళ్ళో కూర్చుంది.